ఉదాహరణములో బ్రతికిన నాటకము

సాహిత్యవిమర్శ వ్రాయువాడు పరుల వాక్యమును తన వాక్యముల నడుమ నిలుపుట మన దేశములో నిన్న మొన్న పుట్టిన అలవాటు కాదు. సంస్కృతాలంకారికులు ఒక లక్షణమును చెప్పి, ‘యథా’ అని ఒక పద్యమును ఉదాహరించి, దానిపై నాలుగు మాటలు వ్రాసి ముందునకు సాగెడివారు. ఉదాహరణము చెప్పినదానికి సాక్ష్యమనియో, వ్యాసమునకు అలంకారమనియో మనము సాధారణముగా తలచెదము. అయితే మూలగ్రంథము నశించిన పిమ్మట ఆ నాలుగు పంక్తులే దానికి మిగిలిన శరీరమగుట కలదు. అప్పుడు ఉదాహరించినవాడు దానిని ఎట్లు పొదిగినాడన్నది శైలికి సంబంధించిన ప్రశ్నగా మాత్రమే ఉండక, చరిత్రకు సంబంధించిన ప్రశ్న యగును.

విశాఖదత్తుని ‘ముద్రారాక్షసము’ మనకు సంపూర్ణముగా లభించినది. అతని ‘దేవీచంద్రగుప్తము’ లభింపలేదు. 1923లో ఫ్రెంచి పండితుడు సిల్వే లెవీ ‘నాట్యదర్పణము’ నుండి ఆ నాటకఖండములను వెలికి తెచ్చినాడు. భోజుని ‘శృంగారప్రకాశము’ లోని ఖండములను రంగస్వామి సరస్వతి అదే యేట ప్రకటించినారు. నాట్యదర్పణకర్తలైన రామచంద్రగుణచంద్రులు పన్నెండవ శతాబ్దిలో గుజరాతున వెలసిన హేమచంద్రాచార్యుని శిష్యులు. వారు నాటకలక్షణములను బోధింపదలచిరే కాని గుప్తరాజుల చరిత్ర వ్రాయబూనలేదు. అయినను వారు ఉదాహరించిన తీరు వలననే ఒక మరుగుపడిన కథ మనకు దక్కినది.

ఆ తీరు ఎట్టిదో చూడుడు. పాత్రల మాటలను ఎత్తి చూపుటకు ముందు వారు సందర్భమును ఒక్క వాక్యములో బిగించినారు: ఇది రెండవ యంకము, ప్రకృతులకు ఊరట కలిగించుటకై ధ్రువదేవిని శకరాజునకు ఇచ్చుటకు రామగుప్తుడు ఒప్పుకొన్నాడు, శత్రువును చంపుటకు ధ్రువదేవి వేషముతో పోదలచిన కుమార చంద్రగుప్తునితో అతడు పలుకుచున్నాడు. తరువాత నాటకములోని మాటలు యథాతథముగా వచ్చును. అటుపిమ్మట ఉదాహరణము యొక్క ప్రయోజనమును విప్పినారు: స్త్రీవేషములో నున్న చంద్రగుప్తునితో రాజు పలికిన ప్రియవచనములను విని, ఆ వినువాడు మరియొక స్త్రీ యని భ్రమించి, ధ్రువదేవి తీవ్రమైన దుఃఖమునకు లోనైనది. ఎవరు, ఎవరితో, ఏ స్థితిలో పలికిరో ముందు, పలుకు నడుమ, దాని ఫలము చివర. ఈ మూడును ఉండుటచేతనే, మూలము చేతలేని నేటి పాఠకుడు కూడ ఆ దృశ్యమును కన్నులయెదుట చూడగలుగుచున్నాడు.

దీనికి ప్రక్కనే మరియొక ఉదాహరణమును నిలిపి చూడవచ్చును. రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో ముక్తకభేదములను చెప్పుచు, జరిగిన వృత్తాంతము నుండి పుట్టిన పద్యమునకు ఒకదానిని చూపినాడు. అందు ధ్రువస్వామిని యను దేవిని ఖసాధిపతికి ఇచ్చి భగ్నసాహసుడై మరలిన శర్మగుప్తుడను రాజు ప్రసక్తి కలదు. కవి యెవరో, పద్యము ఏ గ్రంథములోనిదో రాజశేఖరుడు చెప్పలేదు. అతని కాలపు చదువరులకు అది తెలిసియే యుండవచ్చును. అతని ప్రయోజనమునకు అంతకుమించి అక్కరయు లేదు. కాని మనకు మిగిలినవి వాదములు: శర్మగుప్తుడు రామగుప్తుడేనా? ఖసులన్నది శకులకు పాఠాంతరమా? సందర్భములేని పద్యము ఎంత అందమైనదైనను దారి తప్పిన బాటసారి వంటిది. తన ఊరు చెప్పలేదు.

ఉదాహరించినవాడు అక్షరము పట్ల చూపవలసిన శ్రద్ధకు కూడ ఈ కథలోనే నిదర్శనము కలదు. స్త్రీవేషధారియైన చంద్రగుప్తుడు శకపతిని చంపినాడని బాణుడు ‘హర్షచరిత’లో ప్రస్తావించినాడు. ముద్రితపాఠమును బట్టి అది జరిగినది ‘అరిపురము’న, అనగా శత్రువు నగరమున. శృంగారప్రకాశములో ఉన్నది ‘అలిపురము’. రేఫ యున్నచో ఏ పగవాని పట్టణమైనను కావచ్చును; లకారమున్నచో అది ఒక ఊరి పేరు. ఒక్క హల్లుపై ఒక యుద్ధభూమి ఆధారపడి యున్నది.

రామగుప్తుడు నిజముగా ఉన్నాడా యను వివాదము చాలకాలము సాగినది. గుప్తుల శాసనవంశావళిలో అతని పేరు లేదు. ధ్రువదేవి మాత్రము రెండవ చంద్రగుప్తుని దేవిగా, కుమారగుప్తుని తల్లిగా శాసనములలో కానవచ్చును. మాళవప్రాంతమున రామగుప్తనామాంకితములైన రాగినాణెములు దొరికినను, అవి ఒక చిన్న స్థానికప్రభువువని కొందరు త్రోసిపుచ్చిరి. 1969లో విదిశ చేరువనున్న దుర్జన్‌పూరులో మూడు జైనతీర్థంకర విగ్రహములు బయటపడినవి. వాని పీఠములపై మహారాజాధిరాజ రామగుప్తుని పేరు కలదు. అంతటితో ఆ పేరుగల రాజు ఉండెనన్నమాట బలపడినది. రాణిని శత్రువునకు ఇవ్వ నొప్పుకొన్నాడన్న కథను మాత్రము ఆ శిలలు చెప్పవు. అది నాటకకర్త మాట. నాట్యదర్పణకర్తలు దానిని నాటకకర్త మాటగానే, అంకముతో సహా చెప్పి ఉంచిరి. తమ మాటలతో దానిని కలిపివేయలేదు. అందుచేతనే ఈనాడు చరిత్రకారుడు కల్పనను, సాక్ష్యమును వేరుచేసి తూచగలుగుచున్నాడు.

ఉదాహరణము వ్యాసములో అతుకు కనబడకుండ కలిసిపోవలెనని అందురు. వాక్యము నడకలో కలిసిపోవలసినదే. యాజమాన్యములో మాత్రము కలిసిపోరాదు. ఎవరి మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినదో పాఠకునికి తెలియవలెను. పరుల వాక్యమును తెచ్చువాడు దానిని అరువు తెచ్చుకొన్నవాడు. కొన్నిమార్లు తెలియకయే దానికి కడపటి సంరక్షకుడు కూడ అగుచున్నాడు. విశాఖదత్తుని ధ్రువదేవి దుఃఖము ఎనిమిది శతాబ్దుల పిమ్మట కూడ వినబడుచున్నదన్నచో, అందుకు కారణము లక్షణము చెప్పుటకై కూర్చున్న ఇద్దరు జైనపండితులు ఆమె మాటకు ముందొక వాక్యమును, వెనుక నొక వాక్యమును జాగ్రత్తగా వ్రాసి యుంచుటయే.