ఇంగ్లీషు తప్పిన ఆడపిల్లలు

పరీక్ష ఫెయిలవడాన్ని మన తెలుగులో ‘తప్పడం’ అంటాం. ‘మా అమ్మాయి పది తప్పింది’ అని తల్లి చెప్పుకునేటప్పుడు ఆ మాటలో దారి తప్పిన పిల్ల గురించి చెబుతున్నంత దిగులుంటుంది. ఒకప్పుడు మగపిల్లాడికి మెట్రిక్ ఫెయిలవడం కూడా ఒక అర్హతే. కొట్లో పద్దులు రాయడానికో, ప్లీడరు దగ్గర గుమాస్తాగా చేరడానికో అది పనికొచ్చేది. వచ్చే ఏడు మళ్ళీ కడతాడులే అనే ధీమా ఇంట్లో ఉండేది. ఆడపిల్ల మళ్ళీ కడతానంటే ఫీజు ఎవరిస్తారు? ఆ వేసవిలోనే సంబంధాలు చూడటం మొదలయ్యేది. ఏ సబ్జెక్టు పోయిందమ్మా అని అడిగితే తరచుగా వినబడే జవాబులు రెండే. లెక్కలు, లేకపోతే ఇంగ్లీషు.

లెక్కల సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం. బడి చదువు చివర పెట్టే ఈ ఇంగ్లీషు పరీక్ష ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవర్ని దృష్టిలో పెట్టుకుని తయారైంది, ఆడవాళ్ళు దాని ముందుకొచ్చి నిలబడినప్పుడు ఏం జరిగింది అన్నది చూడాలి. ఎందుకంటే పిల్లకి ఇంగ్లీషు ఎంత వచ్చో ఆ పేపరు చెబుతుందని మనం నమ్ముతూ వచ్చాం. దాని చరిత్ర మాత్రం వేరే మాట చెబుతోంది.

1854 నాటి వుడ్ డెస్పాచ్ తర్వాత, 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో విశ్వవిద్యాలయాలు పెట్టారు. వాటికి నమూనా లండన్ విశ్వవిద్యాలయం. మొదట్లో అవి పాఠాలు చెప్పే చోట్లు కావు, పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే చోట్లు. వాటి గుమ్మంలో ఉన్న పరీక్షే మెట్రిక్యులేషన్. కలకత్తాలో దాన్నే ఎంట్రన్స్ అన్నారు. అందులో ఇంగ్లీషు తప్పనిసరి. కాలేజీలో ఇంగ్లీషు ఉపన్యాసం విని రాసుకోగలిగేవాడు, కచేరీలో దస్త్రం చదివి దాని సారాంశం పైఅధికారికి నాలుగు ముక్కల్లో రాసివ్వగలిగేవాడు కావాలి. అందుకే వ్యాకరణం, అనువాదం, సంక్షిప్తీకరణ, వ్యాసం, ఉత్తరం. ఆ పేపరు స్వరూపం గుమాస్తా పని స్వరూపమే. ‘వాడు’ అని ఊరికే అనలేదు. ఆ పరీక్ష రాసే మనిషి ఆడమనిషి అయ్యే అవకాశం ఉందన్న ఊహ కూడా అప్పటి నిబంధనలు రాసినవాళ్ళకి లేదు.

దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ఊహ లేకపోవడం బయటపడింది. డెహ్రాడూన్ మిషనరీ బడిలో చదివిన చంద్రముఖి బసు కలకత్తా ఎంట్రన్స్ రాస్తానన్నారు. ఎన్నో తర్జనభర్జనల తర్వాత 1876లో రాయనిచ్చారు. కానీ ఒక షరతు పెట్టారు. పేపర్లు దిద్ది ఆమె ఆ స్థాయికి తగునో లేదో చెబుతారు, పాసైన వాళ్ళ జాబితాలో మాత్రం పేరు వేయరు. ఆమె ఆ స్థాయిని అందుకున్నారు, పేరు పడలేదు. ఇక్కడ ఆగి ఆలోచించాలి. భాషా సామర్థ్యాన్ని కొలవడమే పరీక్ష పని అయితే ఆ పని పూర్తయినట్టే కదా? కొలిచారు, సరిపోయిందన్నారు. అయినా ఆ కొలతకి విలువ లేదన్నారు. పరీక్షకి రెండు పనులున్నాయని దీంతో తెలిసిపోయింది. ఒకటి కొలవడం, రెండోది లోపలికి రానివ్వడం. రెండూ ఒకటేనని మగపిల్లల విషయంలో అనిపించిందంటే, వాళ్ళకి ఎప్పుడూ ఆ రెండిటి మధ్యా తలుపు పడలేదు కాబట్టి.

1878లో కలకత్తా విశ్వవిద్యాలయం స్త్రీలకి దారి తెరిచింది. ఆ ఏడే బెథూన్ స్కూలు నుంచి కాదంబినీ బసు ఎంట్రన్స్ పాసయ్యారు. ఒక్క మార్కులో ఫస్టు డివిజన్ పోయింది. 1883లో చంద్రముఖి, కాదంబినీ ఇద్దరూ బి.ఏ. పట్టా పుచ్చుకున్నారు. తర్వాత కాదంబినీ డాక్టరయ్యారు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ 1920లోనూ, కేంబ్రిడ్జి 1948లోనూ గానీ స్త్రీలకి పూర్తి డిగ్రీలివ్వలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

తలుపు తెరిచినవాళ్ళు పక్కనే ఇంకో తలుపు పెట్టడం కూడా అదే కాలంలో జరిగింది. 1882 నాటి హంటర్ కమిషన్ ఆడపిల్లల ప్రాథమిక బడుల్లో చదువు మగపిల్లల చదువుకంటే తేలిగ్గా, ఇంటి జీవితానికి పనికొచ్చేలా ఉండాలని సిఫార్సు చేసింది. పై తరగతుల ఆడపిల్లలకి మెట్రిక్యులేషన్‌తో సమానమైన స్థాయిలోనే ఉండి, విశ్వవిద్యాలయ చదువుతో సంబంధం లేని పరీక్ష ఒకటి పెట్టమంది. మద్రాసు రాజధానిలో ఆడవాళ్ళకోసం హయ్యర్ ఎగ్జామినేషన్ ఫర్ విమెన్ అని ప్రత్యేకమైన పరీక్ష నడిచింది. మగవాళ్ళ పరీక్ష రాస్తే ‘ఇది మీకోసం కాదు’ అంటారు. ఆడవాళ్ళ పరీక్ష రాస్తే ‘దీంతో కాలేజీకి రాలేరు’ అంటారు. ఆ తర్వాత వందేళ్ళపాటు ఆడపిల్లల చదువు ఈ రెండిటి మధ్యా నలుగుతూనే ఉంది.

ఆ హంటర్ కమిషన్ ముందే పూనాలో పండిత రమాబాయి సాక్ష్యం చెప్పారు. కలకత్తా పండితులు ‘పండిత’, ‘సరస్వతి’ అని బిరుదులిచ్చిన మనిషి. సంస్కృతంలో ఆశువుగా శ్లోకాలు చెప్పగలరు. ఆడపిల్లలకి ఆడ టీచర్లు కావాలి, ఆడవాళ్ళకి ఆడ డాక్టర్లు కావాలి అని కమిషన్‌కి చెప్పారు. ఆ చెప్పడం మరాఠీలో చెప్పారు. ఇంగ్లీషు ఆవిడ గట్టిగా నేర్చుకున్నది ఆ రోజుల్లోనే, ఇంగ్లండు వెళ్ళేముందు. మెట్రిక్యులేషన్ కొలబద్దతో చూస్తే ఆ సాక్ష్యం చెప్పిన రోజుకి రమాబాయి నిరక్షరాస్యురాలితో సమానం.

అలాగని మన ముందుతరం స్త్రీలు ఇంగ్లీషు వద్దనలేదు. సావిత్రీబాయి ఫూలే ఇంగ్లీషుని తల్లి అని పిలిచారు. శూద్రులకీ అతిశూద్రులకీ సంస్కృతం మూసేసిన తలుపుల్ని అది తీస్తుందని ఆశపడ్డారు. ఈనాటి దళిత స్త్రీలు ఇంగ్లీషు చదువు కావాలని అడుగుతున్నప్పుడు ఆ ఆశే మాట్లాడుతోంది. కాబట్టి గొడవ ఇంగ్లీషుతో కాదు. ఇంగ్లీషు కావాలనుకున్న పిల్లని ఇంగ్లీషు పేరు చెప్పే వెనక్కి పంపించే పద్ధతితో.

తెలుగు నేల మీదికి వద్దాం. భండారు అచ్చమాంబ (1874-1905) బడి మెట్లెక్కలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూచుని నేర్చుకున్నారు. కథలు రాశారు, అబలా సచ్చరిత్ర రత్నమాల రాశారు. ఆవిడ తరంలో చదువుకున్న ఆడవాళ్ళు చాలామంది ఇంటి చాటున చదువుకున్నవాళ్ళే. వాళ్ళ చదువుకి ఏ బోర్డూ సర్టిఫికెట్ ఇవ్వలేదు, ఆ రోజుల్లో దాని అవసరం రాలేదు. సొంత కాళ్ళ మీద నిలబడాల్సి వచ్చిన తర్వాతి తరం స్త్రీలకి మాత్రం ఆ కాగితం లేనిదే పని జరగలేదు.

1911 ప్రాంతంలో మద్రాసు రాజధానిలో మెట్రిక్యులేషన్ స్థానంలో ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చింది. ఆ పుస్తకంలో పబ్లిక్ పరీక్ష మార్కులతోపాటు బడిలో టీచర్లు వేసిన మార్కులూ ఎక్కేవి. ఒక్క రోజు పరీక్షతో పిల్లని తేల్చకూడదన్న ఆలోచన వందేళ్ళ కిందే ఉందన్నమాట. అయితే దీనివల్ల లాభపడాలంటే ముందు ఏళ్ళ తరబడి బడికి వెళ్ళాలి. పన్నెండేళ్ళకే పెళ్ళిచేసి పంపిన పిల్లకి ఆ పుస్తకమే ఉండదు. అటు నైజాం రాజ్యంలో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది, ఇంగ్లీషు తప్పనిసరి భాషగానే ఉంది. అక్కడ తెలుగు ఇంటి ఆడపిల్ల ఇంట్లో ఒక భాష, బడిలో రెండోది, పరీక్షలో మూడోది మోసుకుంటూ మెట్రిక్ దాకా రావాలి.

ఈ కథలో మనకి బాగా దగ్గరైన మనిషి దుర్గాబాయి దేశ్‌ముఖ్. రాజమండ్రిలో 1909లో పుట్టారు. ఇంగ్లీషు మాధ్యమాన్ని రుద్దుతున్నారని పన్నెండేళ్ళ వయసులో బడి మానేసి, ఆడపిల్లలకోసం హిందీ పాఠశాల పెట్టారు. 1930-33 మధ్య మూడుసార్లు జైలుకెళ్ళొచ్చాక ఆగిపోయిన చదువు మళ్ళీ అందుకున్నారు. బడికి వెళ్ళే వయసు దాటిపోయింది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్‌కి ప్రైవేటుగా చదివి కట్టారు. ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదివారు. 1942లో మద్రాసులో లా పట్టా పుచ్చుకున్నారు. ఏ ఇంగ్లీషు వద్దని బడి మానేశారో ఆ ఇంగ్లీషులోనే రాజ్యాంగసభలో వాదించారు. మాధ్యమం విషయంలో ఆవిడ చిన్ననాటి నిరసనకీ దీనికీ వైరుధ్యం ఉందని నేననుకోను. రుద్దితే వద్దన్నారు, కావాల్సినప్పుడు నేర్చుకున్నారు.

తను దాటిన దారిలో ఇంకొందరిని దాటించడం ఆవిడ చేసిన అసలు పని. 1937లో మద్రాసులో మొదలైన ఆంధ్ర మహిళాసభ తెలుగు ఆడపిల్లల్ని బెనారస్ మెట్రిక్‌కి తయారు చేసింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి ఆవిడ మొదటి అధ్యక్షురాలయ్యారు. గ్రామసేవికలు, నర్సులు, టీచర్లు కావాలి. వితంతువులు, భర్తలు వదిలేసినవాళ్ళు పని కావాలంటున్నారు. వీళ్ళకీ ఆ ఉద్యోగాలకీ మధ్య మెట్రిక్ కాగితం అడ్డంగా ఉంది. అందుకే 1958లో బోర్డు కండెన్స్‌డ్ కోర్సులు పెట్టింది. చిన్నప్పుడు బడి వదిలేసిన పెద్ద వయసు స్త్రీలని రెండేళ్ళలో మెట్రిక్‌కి తయారుచేసే పథకం అది. మిగిలిన సబ్జెక్టులు సొంత భాషలో ఉంటాయి, జీవితానుభవం కొంత తోడొస్తుంది. ఇంగ్లీషు మాత్రం ఏబీసీడీల దగ్గర మొదలుపెట్టాలి. మగపిల్లలు ఏళ్ళ తరబడి నేర్చుకున్నది రెండేళ్ళలో, పాతికేళ్ళ వయసులో నేర్చుకోవాలి. ఆ పేపరు ఆమెకి భాష ఎంత వచ్చిందని అడగలేదు. ఇన్నాళ్ళూ ఎక్కడున్నావని అడిగింది.

దీనికి ఇంకో రకమైన జవాబు బీహారులో వచ్చింది. 1967లో విద్యాశాఖ మంత్రిగా ఉన్న కర్పూరీ ఠాకూర్ మెట్రిక్‌లో ఇంగ్లీషు పాసవ్వాలన్న నిబంధన తీసేశారు. అలా పాసైనవాళ్ళని ‘కర్పూరీ డివిజన్’ అని ఎద్దేవా చేశారు. ఎద్దేవా చేసినవాళ్ళెవరో, పడినవాళ్ళెవరో చూస్తే విషయం అర్థమవుతుంది. ఇంగ్లీషు టీచరు లేని పల్లెబడి పిల్లలు, వెనుకబడిన కులాల పిల్లలు, ఆడపిల్లలు పడినవాళ్ళు. అయితే దీనికీ ఒక పరిమితి ఉంది. తలుపు తీయడం జరిగింది గానీ లోపలికి వెళ్ళాక కావలసిన ఇంగ్లీషు నేర్పే బాధ్యత ఎవరూ తీసుకోలేదు. 1989లో ఏర్పడిన జాతీయ ఓపెన్ స్కూల్లో కూడా ఇంగ్లీషు తీసుకోకుండానే పది పూర్తిచేయొచ్చు. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలకి అది పెద్ద ఊరట. కానీ ఊరటా, చదువూ ఒకటి కావు.

మన ఊళ్ళ పదో తరగతికొస్తే, నేను ఇంగ్లీషు టీచర్ని. స్పాట్ వాల్యుయేషన్‌లో పేపర్ల కట్టలు దిద్దినదాన్ని. పేపరు మీద పేరుండదు, కోడ్ నంబరుంటుంది. అయినా కొన్ని పేపర్లు మనతో మాట్లాడతాయి. అక్క పెళ్ళికి స్నేహితురాల్ని పిలుస్తూ రాసే ఉత్తరం గైడులో ఉన్నది ఉన్నట్టు, కామాతో సహా దిగుతుంది. పక్క పేజీలో ఎప్పుడూ చూడని పేరా ఇచ్చి ప్రశ్నలడిగితే ఆ పేరాలోని వాక్యాలే అటూ ఇటూ తిరగరాసి ఉంటాయి. ఇంకో పేపర్లో కాలాలన్నీ తప్పులే, స్పెల్లింగులు ఘోరం, కానీ ప్రశ్న అర్థమై సొంతంగా చెప్పాలని పడిన తాపత్రయం కనిపిస్తుంది. కీ ప్రకారం మొదటి పిల్ల పాసవుతుంది, రెండో పిల్లకి 35 రాకపోవచ్చు. ఇద్దరిలో ఇంగ్లీషు ఎవరికొచ్చు? ఈ ప్రశ్న వేసుకునే తీరిక దిద్దే బల్ల దగ్గర ఉండదు. రోజుకి ఇన్ని పేపర్లని లెక్క ఉంటుంది.

ఇంకో సంగతి. ఇంగ్లీషు విని అర్థం చేసుకోవడం, మాట్లాడటం మన పబ్లిక్ పరీక్షలో ఏనాడూ లేవు. ఉద్యోగం ఇంటర్వ్యూలో, పట్నం హాస్టల్లో, ఆసుపత్రి కౌంటరు దగ్గర అమ్మాయిని తూచేది మాత్రం ఆ రెండిటితోనే. బజారుకీ సినిమాహాలుకీ స్నేహితులతో తిరిగే మగపిల్లాడికి నాలుగు ఇంగ్లీషు ముక్కలు చెవిన పడతాయి. బడి వదలగానే అంట్లు, తమ్ముడు, నీళ్ళు అని ఇంటికి పరిగెత్తే పిల్లకి ఇంగ్లీషు వినబడే చోటు బడి ఒక్కటే. బడిలో అది వినిపించదు, పరీక్షలో అడగరు.

2014-15లో తెలంగాణలో పబ్లిక్ పరీక్షకి 80, బడిలో వేసే ఇంటర్నల్స్‌కి 20 అని విభజించారు. 1911 నాటి ఆలోచనే తిరిగొచ్చింది. మంచిదే, కానీ ఆ 20 మార్కులు పిల్లతో మాట్లాడి వేయాలంటే టీచరుకి వ్యవధి కావాలి, క్లాసులో పిల్లలు తక్కువ ఉండాలి. ఆ తర్వాత ఇంకా పెద్ద మార్పొచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మారాలని జీవో ఇచ్చింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసినా ఆ దిశగా నడక ఆగలేదు. తెలంగాణ 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం మొదలుపెట్టింది. పేదపిల్లలకి ఇంగ్లీషు వద్దనే హక్కు, తమ పిల్లల్ని ఇంగ్లీషులో చదివించుకున్న మనకెవరికీ లేదు. కాకపోతే ఒకటి గమనించాలి. మాధ్యమం మారాక సైన్సు పేపరూ, సోషల్ పేపరూ కూడా ఇంగ్లీషు పరీక్షలే అవుతాయి. కిరణజన్య సంయోగక్రియ బాగా అర్థమైన పిల్ల దాన్ని ఇంగ్లీషులో రాయలేక తప్పితే, మార్కుల కాగితం మీద ‘సైన్సు ఫెయిల్’ అని ఉంటుంది. 1857లో గుమ్మం ఒకటే, ఇప్పుడు ప్రతి గదికీ ఒక గుమ్మం.

ఇప్పుడు ఫలితాలొచ్చిన కొద్ది వారాలకే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. తప్పిన పిల్లని ఆ పరీక్షదాకా తీసుకురాగలిగితే సంబంధాలు చూసే వేసవి దాటించినట్టే. దానికి ఊరికో టీచరు, ఇద్దరు చదువుకున్న ఆడవాళ్ళు, రోజుకో గంట చాలు. ఆంధ్ర మహిళాసభ మొదట్లో చేసింది అదే. ఆపైన ప్రభుత్వాన్ని అడగాల్సింది ఉంది. మార్కుల కాగితం మీద ఇంగ్లీషుకి ఒక్క అంకె వేసి ఊరుకోకుండా, ఈ అమ్మాయి చదివి అర్థం చేసుకోగలదు, విని జవాబు చెప్పగలదు, రాయడం ఇంకా నేర్చుకోవాలి అని విడివిడిగా రాయమనాలి. చదవగలిగిన పిల్లని రాయలేదన్న కారణంతో ఇంటికి పంపొద్దని అడగాలి. చంద్రముఖి పేరు జాబితాలో వేయనివాళ్ళకి ఆమెకెంత వచ్చో తెలుసు. మన పిల్లల విషయంలో మనం అదైనా తెలుసుకుంటున్నామా?