ఆ నోటు చెల్లుతుందా?

హాంకాంగ్ రేవు దగ్గర సున్ వా అని ఒక నాసిరకం హోటల్ ఉండేది. 1942లో రోజూ పొద్దున్నే కొందరు తెల్లదొరలు దాని మెట్లు దిగి వీధిలోకి వచ్చేవారు. పక్కన జపాన్ సైనికుల కాపలా. నిన్నమొన్నటి దాకా దర్జాగా కార్లలో తిరిగిన వీధుల్లోనే ఇప్పుడు వరుసకట్టి నడుస్తున్నారు. ఒకప్పుడు వంగి సలాములు చేసినవాళ్లు దుకాణాల అరుగుల మీంచి చూస్తున్నారు. ఖైదీలే, కానీ తీసుకెళ్తున్నది జైలుకు కాదు. తమ బ్యాంకును తామే మూసేసే లెక్కలు రాయడానికి.

ఆ బ్యాంకు హాంకాంగ్ అండ్ షాంఘై బ్యాంకింగ్ కార్పొరేషన్. ఇవాళ్టి హెచ్ఎస్‌బీసీ.

1941 డిసెంబర్ 8న మొదలైన దాడి క్రిస్మస్ నాటికి ముగిసింది. హాంకాంగ్ లొంగిపోయింది. బ్రిటిష్ పౌరుల్లో ఎక్కువమందిని స్టాన్లీ నిర్బంధ శిబిరంలో పడేశారు. బ్యాంకర్లను మాత్రం జపాన్‌వాళ్లు బయటే ఉంచుకున్నారు. దయ కాదు, అవసరం. ఖజానాలో అచ్చయి, ఇంకా చలామణిలోకి రాని నోట్ల కట్టలున్నాయి. సంతకం పడితేనే అవి డబ్బు. లేకపోతే రంగు కాగితాలు.

కూర్చోబెట్టి సంతకాలు పెట్టించారు. ఎదురుగా తుపాకులు.

ఆ క్షణంలో కలం పట్టినవాడి మనసులో ఏం మెదిలిందో ఊహించుకోవాల్సిందే. వాడు జీవితమంతా నేర్చుకున్నది ఒకటే: వెనక జమ లేకుండా నోటు బయటికి వదలకూడదు. అప్పట్లో హాంకాంగ్‌లో నోటు వేయాలంటే దానికి సరిపడా స్టెర్లింగ్ ప్రభుత్వ మారక నిధిలో కట్టాల్సి ఉండేది. ఈ నోట్ల వెనక కట్టింది సున్నా. అలా బయటికొచ్చిన మొత్తం దాదాపు 12 కోట్ల హాంకాంగ్ డాలర్లు. జపాన్‌వాళ్ల సైనిక యెన్‌ను ఎవరూ నమ్మరు కాబట్టి మకావూలో, దక్షిణ చైనాలో సరుకులు కొనడానికి ఈ నోట్లే వాడారు. శత్రువు కూడా నమ్మింది ఆ బ్యాంకు పేరునే. బ్యాంకుకు ఇంతకన్నా పెద్ద కితాబు, ఇంతకన్నా పెద్ద అవమానం మరొకటి ఉండదు.

ఆ పేరు ఊరికే రాలేదు. 1864లో థామస్ సదర్లాండ్ అనే స్కాట్లాండ్ కుర్రాడు పి అండ్ ఓ స్టీమర్ కంపెనీ పని మీద హాంకాంగ్‌లో ఉన్నాడు. చైనా వ్యాపారం కోసం బొంబాయి షావుకార్లు ఒక బ్యాంకు పెడుతున్నారని, హాంకాంగ్ వర్తకులకు అందులో నామమాత్రం వాటాలే విదిలిస్తున్నారని తెలిసింది. మన ఊరి వ్యాపారానికి ఎక్కడివాళ్లో బ్యాంకు పెట్టడమేమిటన్నది అతని ఉక్రోషం. 50 లక్షల డాలర్ల మూలధనంతో సొంత బ్యాంకుకు ప్రణాళిక రాసేశాడు. బ్యాంకింగ్ గురించి అతనికి తెలిసింది చదువుకున్న నాలుగు ముక్కలే! 1865 మార్చిలో హాంకాంగ్‌లో, మరుసటి నెల షాంఘైలో తలుపులు తెరిచారు. స్థాపకుల్లో ఇంగ్లిష్‌వాళ్లతో పాటు జర్మన్లు, అమెరికన్లు, బొంబాయి మూలాలున్న పార్సీలు, ససూన్ల కుటుంబం. పెట్టుబడిలో నల్లమందు వ్యాపారపు వాసన కూడా ఉంది. దాన్ని దాచి ఈ కథ చెప్పడం మర్యాద కాదు. చైనావాళ్లు దాన్ని వేఫూంగ్ అని పిలిచారు. సొమ్ము పుష్కలంగా వచ్చిపోయే చోటు అని ఆ మాటకు భావం.

మళ్లీ సున్ వా హోటల్‌కు వద్దాం.

బ్యాంకు పెద్ద సర్ వాండెలూర్ గ్రేబర్న్ కూడా ఆ ఖైదీల్లో ఒకడు. స్టాన్లీ శిబిరంలో మందుల్లేక మనుషులు పోతున్నారు. ఆయన అందినచోటల్లా డబ్బు పోగుచేసి దొంగచాటుగా లోపలికి పంపించాడు. పద్దు పుస్తకంలో ఎక్కని చెల్లింపులవి. 1943 మార్చిలో పట్టుకున్నారు. స్టాన్లీ జైల్లో వేశారు. ఆగస్టులో, తిండిలేక చిక్కి శల్యమై అక్కడే కన్నుమూశాడు. అరెస్టయిన మరో సహచరుడు ఎడ్మండ్‌స్టన్ ఇంకో ఏడాది బతికి, అదే జైల్లో పోయాడు.

1945లో జపాన్ ఓడింది. ఆ నోట్లు మాత్రం జనం చేతుల్లోనే ఉండిపోయాయి.

ఇక్కడే అసలు చిక్కు. బలవంతపు సంతకానికి బాధ్యత లేదని బ్యాంకు తప్పుకోవచ్చు. దుకాణదారులు నంబర్లు చూసి ఆ నోట్లను పక్కన పెడుతున్నారు. కొందరు తక్కువ ధరకు కొని దాచుకుంటున్నారు. యుద్ధకాలంలో లండన్ నుంచి బ్యాంకును నడిపిన ఆర్థర్ మోర్స్ తేల్చేశాడు: చెల్లుతాయి. 1946 ఏప్రిల్‌లో ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. బ్యాంకు తన వంతు సొమ్ము మారక నిధికి కట్టింది. నోటు నోటే.

దీన్ని ధర్మగుణమని పొగిడేవాళ్లున్నారు. నేనైతే సగమే ఒప్పుకుంటాను. చవగ్గా కొని దాచుకున్న దళారులకూ ఆ నిర్ణయం పండగే. మోర్స్ వర్తకుడు. ఆ సంతకాన్ని కాదంటే రేపు తన సంతకాన్ని ఎవరు నమ్ముతారన్నది ఆయన లెక్క. లెక్క తప్పలేదు. 1949 ప్రాంతంలో షాంఘై నుంచి పారిపోయి వచ్చిన నూలుమిల్లుల యజమానుల్లో చాలామంది మళ్లీ మిల్లులు నిలబెట్టుకున్నది ఈ బ్యాంకు అప్పులతోనే.

తర్వాతి కథ చకచకా సాగింది. 1955లో షాంఘై భవనం చేజారింది. 1959లో మన దేశంలో పాత కాపు అయిన మర్కంటైల్ బ్యాంకును కొన్నారు. 1965లో ఖాతాదారులు ఎగబడి కుదేలైన హాంగ్ సెంగ్ బ్యాంకులో 51 శాతం చేజిక్కించుకున్నారు. 1992లో బ్రిటన్‌లోని మిడ్‌లాండ్ బ్యాంకు. హైదరాబాద్‌లో మన పిల్లలు రాత్రిపూట చూసే లెక్కలు కూడా ఈ మహావృక్షం కొమ్మలవే. అంత పెద్దదయ్యాక కాపలా సడలింది. మెక్సికో మత్తుమందు ముఠాల సొమ్ము ఖాతాల్లోంచి పారిందని తేలి, 2012లో అమెరికాకు 190 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. నల్లమందు రేవులో పుట్టిన బ్యాంకుకు మళ్లీ మత్తుమందు మరకే.

బ్యాంకు గుమ్మం ముందున్న రెండు కంచు సింహాలను యుద్ధకాలంలో కరిగించడానికి జపాన్‌కు తీసుకెళ్లారు. కరిగించేలోపు యుద్ధం ముగిసింది. ఒసాకా రేవులో దొరికితే 1946లో వెనక్కి తెచ్చారు. వాటి ఒంటి మీద గుండ్ల శకలాల గాట్లు ఇప్పటికీ పూడ్చలేదు. ఎదురుగా ఉన్న స్టాట్యూ స్క్వేర్ నుంచి కూడా విగ్రహాలన్నీ అలాగే తరలిపోయాయి. విక్టోరియా రాణి తిరిగొచ్చింది కానీ ఆమెను వేరే పార్కుకు మార్చారు. ఇప్పుడు ఆ స్క్వేర్‌లో ఉన్నది తిరిగొచ్చిన ఒక్క విగ్రహమే. రాజుదీ కాదు, గవర్నర్‌దీ కాదు. 1902 దాకా ఈ బ్యాంకును నడిపిన మేనేజర్ థామస్ జాక్సన్‌ది.