పాత బేలర్ చూడ్డానికెళ్తే గుర్తొచ్చిన గడ్డి కథ

పోస్టు కొంచెం పొడుగు, తీరిగ్గా చదవండి.

మొన్న దాళ్వా మాసూళ్లు అవుతుండగా, మా రామచంద్రపురం పక్క ఊళ్లో పాత బేలర్ అమ్మకానికి ఉందని తెలిసి అన్నదమ్ములం ముగ్గురం వెళ్లాం. బేలర్ అంటే తెలుసుగా, కోతమిషను వదిలేసిన గడ్డిని ఎత్తి చుట్టలు కట్టేది. అమ్మే కుర్రాడు "రెండే సీజన్లు తిరిగిందండి బాబాయ్" అన్నాడు. రంగు కొత్తగానే ఉంది. కిందికి వంగి గడ్డి ఎత్తే వేళ్లు చూస్తే మాత్రం చాలా అరిగిపోయి ఉన్నాయి.

తిరిగొచ్చేటప్పుడు మా పెద్దన్నయ్య అన్నాడు: "నాన్న రూపాయి ఖర్చు లేకుండా మేటు వేసేవాడు. ఇప్పుడు అదే గడ్డి కోసం లక్షలు పోసి ఇనుము కొంటున్నాం. ఎక్కడ తేడా వచ్చిందిరా?"

ఆ మాట రెండ్రోజులు బుర్రలో తిరిగింది. అందుకే ఇది రాస్తున్నా.

మన డెల్టాలో గడ్డికి ఇంత విలువ ఎందుకొచ్చిందో చూడాలంటే కాలవల దగ్గర మొదలెట్టాలి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాటన్ దొర సంగతి అందరూ చెప్పుకుంటారు గానీ, ఆ నీటితో పశువుల మేత ఎలా మారిందో ఎవరూ చెప్పరు. నీరందిన బీళ్లన్నీ క్రమంగా వరిచేలయ్యాయి. పశువు తిరిగి మేసే చోటు తగ్గిపోయింది. దుక్కికి ఎద్దులు కావాలి, పాలకి గేదెలు కావాలి, మేయడానికి నేల లేదు. ఊడ్పుల రోజుల్లో పశువుల్ని మెట్టకీ, మన్యం వైపుకీ తోలే అలవాటు అందుకే ఉండేది. మిగతా ఏడాదంతా వరిగడ్డే దిక్కు. దానికి తోడు సార్వా కోశాక జనుము, పిల్లిపెసర చల్లేవారు. ఎండిన జనుముని వరిగడ్డితో వరస మార్చి వరస వేసి మేటు కట్టేవారు. ఉత్త వరిగడ్డిలో బలం తక్కువని మన పెద్దలకి ఏ డాక్టరూ చెప్పక్కర్లేకపోయింది.

కోత కూడా గడ్డిని చూసుకుని చేసేవారండి. కింది దాకా కోసి, పనలు ఆరబెట్టి, కట్టలు కట్టి కుప్ప వేసేవారు. చేలో అప్పటికే చల్లిన మినుము మొలిచి ఉండేది. తీరిక దొరికాక కుప్ప విప్పి, కళ్లంలో కొట్టి, బంతి కట్టి ఎద్దులతో తొక్కించేవారు. ఆ తొక్కుడుకి గింజ రాలేది, గడ్డీ మెత్తబడేది. దాంతోనే వెంటి పేని ధాన్యానికి పురి కట్టేవారు.

అంటే నాన్న రూపాయి పెట్టలేదన్న మాట నిజం కాదు. కోసినవాళ్లకీ, మోసినవాళ్లకీ, నూర్చినవాళ్లకీ ధాన్యం కొలిచి ఇచ్చేవాడు. గింజ కోసం ఇచ్చిన కూలిలోనే గడ్డి కూలీ కలిసిపోయేది. అందుకే అది ఊరికే వచ్చినట్టు కనిపించింది. అన్నయ్యకి ఇదే చెప్పాను. ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

తర్వాత వంగడాలు మారాయి. 1966లో ఫిలిప్పీన్స్‌లోని వరి పరిశోధన సంస్థ ఐఆర్8 విడుదల చేసింది. 1967లో మన ఏటికి అవతల ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు అది పండించి దేశానికి చూపించారు. పొట్టి వరి, పడిపోదు, గింజ ఎక్కువ. పాత పొడుగు రకాలతో పోలిస్తే గడ్డి పొట్టి. 1982లో మారుటేరు నుంచి స్వర్ణ వచ్చింది, అదీ పొట్టిదే. దాళ్వా పెరిగిన చోటల్లా జనుము, పిల్లిపెసర వెనక్కి తగ్గాయి. ట్రాక్టర్లొచ్చి ఎద్దులు పోయాయి. గేదెలు మిగిలాయి.

1996 నవంబరు 6 తుపాను మా ఈడు వాళ్లెవరూ మర్చిపోరు. కోతకొచ్చిన సార్వా నీటిపాలైంది. గింజ పోయిందనే అందరూ ఏడ్చారు. గడ్డి పోయిన సంగతి వేసవిలో తెలిసింది. మా ఇంట్లో రెండు పాడిగేదెల్ని మేత లేకే అమ్మేశాం.

అసలు తేడా వచ్చింది మాత్రం కోతమిషనుతోనే. కూలీలు దొరక్క, ఖర్చులకి ధర చాలక 2011 సార్వాకి కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. ఆ రోజుల నుంచీ చైన్ మిషన్లు ఊరూరా పెరిగాయి. మన తడి చేలల్లో టైర్ల మిషను దిగబడుతుంది కాబట్టి చైనుదే నడిచింది. గంటల్లో కోత, నూర్పు అయిపోయి బస్తా గట్టుకొచ్చేస్తుంటే కాదనేదెవరు? నేనూ అనలేదు.

అయితే మనకొచ్చిన మిషను ఏ రకం? మొక్కనంతా మింగి, గింజ ఉంచుకుని, నలిగిన గడ్డి వెనక్కి విసిరేసే రకం. మోడు పొడుగ్గా చేలోనే మిగిలిపోతుంది. ఇదొక్కటే దారి కాదండి. జపానులో 1960ల్లోనే ఇంకో రకం తయారుచేశారు. అది వెన్నుని మాత్రమే నూర్పుడులోకి పంపి, గడ్డిని నిలువుగా, నలగకుండా బయటికి వదులుతుంది. మనదాకా వచ్చింది మొదటి రకం. చేలో పడిన గడ్డి ఏరడానికి మళ్లీ కూలీలు కావాలి. కూలీలు లేకేగా మిషను తెచ్చింది! కొన్నేళ్లు అగ్గిపుల్ల గీశాం. నేనూ గీశాను.

ఇప్పుడు ఆ గడ్డిని వెనక్కి తెచ్చుకోడానికి బేలర్. దీని పుట్టుకా కూలీల కొరతలోనే ఉంది. అమెరికాలో మొదట్లో గడ్డి కట్టే మిషను ఒకచోట నిలబెట్టి ఉండేది, మనుషులు గడ్డి మోసుకొచ్చి పెట్టాలి. నెబ్రాస్కా రాష్ట్రంలో ఉమ్మో లూబెన్ అనే ఆయన ఒక్కడే చేసుకునేలా గడ్డిని చుట్టగా చుట్టే మిషను ఆలోచించి 1910లో పేటెంటు పొందాడు. అల్లిస్ చామర్స్ కంపెనీ 1947లో దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. పలకల కట్ట కట్టే బేలర్‌లో ముడివేసే భాగానిది ఇంకా పాత కథ. 1878లో ఆపిల్‌బీ చేసిన ముడి పనితనమే దానికి మూలం. పాతది కొనేటప్పుడు ముందు మొరాయించేదీ ఆ ముడి దగ్గరే. చుట్టల రకంలో ముడే ఉండదు, పురికొస చుట్టి కత్తిరిస్తుంది. చిన్న రైతుకి పాతది కొనాలంటే చుట్టలదే మేలని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. ఈ మిషన్లు మొదట పుట్టింది పచ్చిక ఎండుగడ్డి కోసం. వరిగడ్డిలో సిలికా ఎక్కువ, ఇసకలా ఇనుముని అరగదీస్తుంది. కాబట్టి "ఎన్ని సీజన్లు" అని అడిగితే సరిపోదు, ఎన్ని ఎకరాలు, ఏ గడ్డి అని అడగాలి. వేళ్లు, రోలర్ల బేరింగులు, చైను పళ్లు చెయ్యి పెట్టి చూడాలి. ఖాళీగా తిప్పి చూపిస్తే ఏ మిషనైనా బాగానే తిరుగుతుంది. సబ్సిడీ మీద తీసుకున్నదైతే కాగితాలు ఎవరి పేర ఉన్నాయో, అమ్మే హక్కు ఉందో తేల్చుకోవాలి.

ఇక లెక్క. మా మూడిళ్లకీ కలిపి తొమ్మిది గేదెలు. ఒక్కోదానికి రోజుకి ఆరు కిలోలనుకున్నా ఏడాదికి దాదాపు 20 టన్నులు. చుట్ట 16 నుంచి 20 కిలోలైతే వెయ్యి నుంచి పన్నెండొందల చుట్టలు. మా పదిహేను ఎకరాల దాళ్వా గడ్డితో సరిపోతుంది. అది మిషనుకి రెండు మూడు రోజుల పని. మిగతా రోజులు బయట తిరగాలి, మా ఊళ్లో ఇప్పటికే రెండు తిరుగుతున్నాయి. సార్వాలో చేను తడి, పైగా మినుము మొలకల మీద ట్రాక్టరు ఎక్కించలేం. తడిగా చుడితే లోపల వేడెక్కి బూజు పడుతుంది. అందుకని ఏడాదికి దాళ్వా ఇరవై రోజులే దాని సంపాదన కాలం. పన్నెండొందల చుట్టల అద్దె ఎన్నేళ్లు కడితే ఆ కుర్రాడు అడిగిన రేటవుతుందో అన్నయ్య కాగితం మీద వేశాడు. ఎనిమిదేళ్లు తేలింది, రిపేర్లు కలపకుండా.

అయినా తమ్ముడికి మనసు పోవట్లేదు. మాసూళ్ల మధ్యలో అద్దె మిషను కోసం ఎదురుచూస్తుంటే వాన పడి గడ్డి నల్లబడిన ఏడు వాడికి గుర్తుంది. అదీ తప్పు కాదు.

శివారులో మాది రెండెకరాల గడ్డి ఇంకా ఎత్తలేదు. వాన పడకపోతే ఆదివారం మిషను తెచ్చి మా చేలోనే చుట్టి చూపించమన్నాం, డీజిలు మాది. సరేనన్నాడు. మీ ఊళ్లో చుట్టకి అద్దె ఎంత తీసుకుంటున్నారో, తాడు ఎవరు పెడుతున్నారో కింద రాయండి, ఆదివారం లోపు అయితే మాకు పనికొస్తుంది.