ద్రాక్షతోట చుట్టూ గోడ: బర్గండీ మఠాల చరిత్రలో ఏడు రోజుల యాత్ర

ఉపోద్ఘాతం

ఫ్రాన్సు దేశంలోని బర్గండీ ప్రాంతానికి ద్రాక్షారసం రుచి చూడడం కోసమే ఏటా ఎందరో యాత్రికులు వెళ్తుంటారు. ఏ ఊరిలో ఏ రోజు దిగాలి, ఏ నేలమాళిగను చూడాలి, ఎవరి అనుమతి ముందుగా తీసుకోవాలి అని వారం రోజులకు పథకం వేసుకుంటారు. ఆ పథకాన్ని సంఘ చరిత్ర విద్యార్థి చూసినట్లయితే అందులో అతనికి పరిచయమైన పేర్లే ఎక్కువగా కనిపిస్తాయి. పోంటిన్యీ, సీటో, క్లూనీ మొదలైనవి మఠాల పేర్లు. నేడు అత్యధిక ధర పలికే తోటలలో అనేకం ఒకప్పుడు పేదరికపు ప్రమాణం చేసిన సన్యాసుల చేతిలో ఉండేవి.

పేదరికాన్ని కోరుకున్నవారికి అంత ఆస్తి ఎలా వచ్చింది? వచ్చిన ఆస్తి వారిని ఏమి చేసింది? ఈ రెండు ప్రశ్నలను ఏడు రోజుల యాత్రాక్రమంలో పరిశీలించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం. మద్యపానాన్ని సమర్థించడం గాని, ఖండించడం గాని మా పని కాదు. మన తెలుగు ప్రొటెస్టెంటు సంఘాలలో అనేకం ప్రభురాత్రి భోజనములో పులియని ద్రాక్షరసాన్నే వాడుతున్నాయి. ఈ పద్ధతికి మూలం 1869లో అమెరికాలోని న్యూజెర్సీలో ఉంది. థామస్ వెల్ష్ అనే మెథడిస్టు విశ్వాసి ద్రాక్షరసాన్ని వేడిచేసి పులియకుండా నిలువచేసే విధానాన్ని బల్ల ఆచరణ కోసమే రూపొందించాడు. అంతకుముందు శతాబ్దాలలో పాశ్చాత్య సంఘమంతటికీ బల్లమీది పాత్రలో ఉన్నది పులిసిన ద్రాక్షారసమే. కాబట్టి మఠమున్న చోటల్లా తోట కూడా అవసరమైంది.

నియమావళి ఏమి చెప్పింది?

యాత్ర ఆరంభించక ముందు 6వ శతాబ్దంలో బెనెడిక్టు వ్రాసిన మఠ నియమావళిని జ్ఞాపకం చేసుకోవాలి. దాని 40వ అధ్యాయం సన్యాసికి రోజుకు ఒక 'హెమినా' ద్రాక్షారసం చాలునంటుంది. ఆ కొలత సుమారు పావు లీటరని పలువురు లెక్కగడతారు. అసలు ద్రాక్షారసం సన్యాసులకు తగదని, అయితే ఈ కాలపు సన్యాసులను అందుకు ఒప్పించలేము గనుక మితంగానైనా పుచ్చుకోవాలని బెనెడిక్టు అభిప్రాయం. 48వ అధ్యాయం ప్రతిదినం చేతులతో పని చేయాలని విధిస్తుంది. మితము, చేతిపని అనే ఈ రెండు సూత్రాలే బర్గండీ తోటల చరిత్రకు పునాది.

మొదటి మూడు రోజులు: పోంటిన్యీ, వెజ్‌లే, ఫోంట్‌నే

ప్యారిస్ నుండి ఆగ్నేయంగా వచ్చే యాత్రికునికి మొదట ఎదురయ్యేది షాబ్లీ. తెల్ల ద్రాక్షారసానికి పేరుపొందిన ఈ చిన్న పట్టణానికి సమీపంలో 1114లో స్థాపించబడిన పోంటిన్యీ మఠం ఉంది. ఇంగ్లండు రాజుతో విరోధం వచ్చి దేశం విడిచిన ఆర్చిబిషప్పు థామస్ బెకెట్ 1164 నుండి 1166 వరకు ఆశ్రయం పొందింది ఇక్కడే. ఈ సన్యాసులు షాబ్లీలో తోటలు సాగుచేశారు. పట్టణంలో వారి నేలమాళిగ ఉన్న భవనాన్ని నేటికీ 'చిన్న పోంటిన్యీ' అని పిలుస్తారు.

రెండవ రోజు వెజ్‌లే కొండ. 1146 మార్చి 31న క్లేర్వో మఠాధిపతియైన బెర్నార్డు రెండవ క్రూసేడు కోసం ప్రసంగించినది ఈ కొండమీదనే. ఆ యుద్ధం ఘోరంగా విఫలమైంది. యాత్రికులు ఇక్కడి ఆలయ శిల్పాలను చూసి వెళ్తారు. మనము మాత్రం లోకాన్ని విడిచిన ఒక సన్యాసి మాటకు రాజులు సైన్యాలను కదిలించిన విషయాన్ని గమనించాలి. ఆ సన్యాసి సభ్యుడుగా ఉన్న సమాజం అప్పటికి ఎంత బలపడిందో దీనివలన తెలుస్తుంది.

మూడవ రోజు ఫోంట్‌నే. ఇది 1118లో బెర్నార్డు స్థాపించిన మఠం. ఇక్కడ గోడలమీద బొమ్మలు లేవు, కిటికీలకు రంగుల అద్దాలు లేవు. సుమారు 1125లో బెర్నార్డు ఒక గ్రంథంలో క్లూనీ సంప్రదాయపు ఆడంబరాన్ని తీవ్రంగా విమర్శించాడు. ఆలయపు గోడలు మెరుస్తుండగా పేదలు లేమిలో ఉన్నారన్నది అతని అభ్యంతరం. ఆ అభ్యంతరం రాతి రూపంలో ఎలా ఉంటుందో చూడాలంటే ఫోంట్‌నేకు వెళ్ళాలి. మఠం ఆవరణలోనే ఇనుము పనిచేసే కొలిమిశాల ఉండడం కూడా గమనార్హం. ప్రార్థనకు, శ్రమకు అక్కడ దూరం లేదు.

నాలుగవ రోజు: సీటో

దిజోన్ నగరానికి దక్షిణాన, ప్రసిద్ధ తోటల వరుసకు తూర్పున, చదునైన తడి నేలలో సీటో ఉంది. 1098లో మొలెమ్ మఠం నుండి రాబర్టు అనే మఠాధిపతి కొందరు సన్యాసులతో బయలుదేరి ఇక్కడికి వచ్చాడు. బెనెడిక్టు నియమావళిని సడలింపు లేకుండా ఆచరించాలన్నది వారి ఆశ. అతని తరువాత ఆల్బెరిక్, ఆ తరువాత ఇంగ్లండు దేశస్థుడైన స్టీఫెన్ హార్డింగు అధిపతులయ్యారు. సిస్టర్షియన్ సమాజానికి మూలమైన 'ప్రేమ శాసనం' అనే పత్రాన్ని 1119లో పోపు రెండవ కలిస్టసు ఆమోదించాడు.

ఈ తొలి సన్యాసులు ఏమి వద్దన్నారో చూడండి. గ్రామ సంఘాల ఆదాయం, ఇతరుల దశమభాగాలు, కట్టుబానిస రైతులతో కూడిన గ్రామాలు తమకు వద్దన్నారు. ఏమి పుచ్చుకుంటామన్నారు? జనావాసాలకు దూరంగా ఉన్న పొలాలు, పచ్చిక, అడవి, నీరు, ద్రాక్షతోటలు. ఇవన్నీ తమ చేతులతో సాగుచేసుకోదగినవి కనుక అవి తమ ప్రమాణానికి విరుద్ధం కావని వారు భావించారు. బర్గండీ డ్యూకు సమాజం పుట్టిన ఆ 1098వ సంవత్సరంలోనే మెర్సో గ్రామంలో వారికి ఒక తోటనిచ్చాడు. కాబట్టి తోట ఈ సమాజంలోకి దొడ్డిదారిన రాలేదు, మొదటి సంవత్సరమే సింహద్వారం గుండా వచ్చింది.

ఐదవ రోజు: వూజో

సీటో మఠానికి కొద్ది దూరంలోనే వూజో తోట ఉంది. సుమారు 50 హెక్టార్లు, అనగా దాదాపు 125 ఎకరాలు. 12వ శతాబ్దపు తొలి సంవత్సరాల నుండి దానంగాను, కొనుగోలుగాను, మార్పిడిగాను చిన్న చిన్న ముక్కలు వచ్చి చేరాయి. 1336 నాటికి తోట చుట్టూ రాతిగోడ పూర్తయింది.

ఈ పెరుగుదలకు మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, శ్రమ. మఠంలో 'శ్రామిక సోదరులు' అనే ఒక వర్గముండేది. వీరు కూడా ప్రమాణం చేసినవారే, అయితే వీరి దినములో ఎక్కువ భాగం పొలంలో గడిచేది. వీరికి కూలి ఇవ్వనక్కరలేదు. రెండవది, పన్ను మినహాయింపు. సిస్టర్షియన్లు స్వయంగా సాగుచేసుకునే భూములపై దశమభాగం చెల్లించనవసరం లేదని 1132లో పోపు రెండవ ఇన్నోసెంటు అనుమతించాడు. దీనివలన గ్రామ పాదిరి ఆదాయానికి గండిపడింది. చివరకు 1215లో నాలుగవ లాటరన్ మహాసభ ఇకమీదట సంపాదించే భూములకు ఈ మినహాయింపును తొలగించింది. మూడవది, విశ్వాసుల దానాలు. మరణానంతరం తమ ఆత్మల కొరకు సన్యాసులు ప్రార్థించాలని కోరి ప్రభువులు, సామాన్యులు కూడా భూములిచ్చారు. ఇందులో ఏ ఒక్కటీ దొంగతనం కాదు. ప్రతి అడుగు ధర్మబద్ధంగానే కనిపించింది. మన అధ్యయనానికి ముఖ్యమైన అంశం ఇదే.

మార్గదర్శకులు యాత్రికులకు ఒక కథ చెప్తారు. సన్యాసులు మట్టిని నాలుకతో రుచి చూసి ఏ నేల ఎటువంటిదో నిర్ణయించారని దాని సారాంశం. దీనికి పత్రాలలో ఆధారం లేదు. అయితే ఒకే సంస్థ ఒకే నేలను శతాబ్దాల తరబడి సాగుచేసి, పీపాల లెక్కలు వ్రాసిపెట్టుకోవడం వలన ఒక్కొక్క చెక్క స్వభావం తెలిసి ఉంటుందనడంలో సందేహం లేదు. 2015లో యునెస్కో బర్గండీలోని 1,247 తోట చెక్కలను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఆ గుర్తింపు వెనుక ఈ ఓపిక కూడా ఉంది.

ఈ చరిత్రలో స్త్రీలు కూడా ఉన్నారు. వూజోకు సమీపంలోని మోరే గ్రామంలో తార్ మఠపు సన్యాసినులు 1141లో ఒక తోట సంపాదించారు. ఆ తోట నేటికీ వారి మఠం పేరుతోనే పిలువబడుతోంది.

వూజోలో పాత ద్రాక్ష గానుగలు నాలుగు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. వాటి ప్రక్కన 1551లో మఠాధిపతి జాన్ లువజియే కట్టించిన భవంతి ఉంది. అది ప్రభువుల నివాసాన్ని పోలి ఉంటుంది. ఈలోగా మఠాల పరిస్థితి మారిపోయింది. శ్రామిక సోదరుల సంఖ్య 13వ శతాబ్దం నుండే తగ్గసాగింది. భూములను కౌలుకిచ్చి, అద్దె వసూలు చేయడం వాడుకైంది. ఏ కారణంచేత తోటను పుచ్చుకొన్నారో ఆ కారణమే, అనగా స్వంత చేతిపనే, పలుచబడిపోయింది. తోట మాత్రం మిగిలింది.

ఆరవ రోజు: బోన్

బోన్ పట్టణంలో మరొక నమూనా కనిపిస్తుంది. 1443లో బర్గండీ డ్యూకు వద్ద ప్రధానాధికారిగా ఉన్న నికొలా రొలాన్, అతని భార్య గిగోన్ కలిసి పేదల కొరకు ఇక్కడ ఆసుపత్రి స్థాపించారు. 1457 నుండి దాతలు దానికి ద్రాక్షతోటలు ఇవ్వసాగారు. ఇప్పుడు ఆసుపత్రి ఆధీనంలో సుమారు 60 హెక్టార్ల తోటలున్నాయి. 1859 నుండి వేలం నిర్వహిస్తూ, సాధారణంగా నవంబరు మూడవ ఆదివారం పీపాలను అమ్మి వచ్చిన ఆదాయాన్ని ఆసుపత్రి అవసరాలకు వాడుతున్నారు. 1971 వరకు పాత భవనంలోనే రోగులకు వైద్యం జరిగింది. వారి కోసం రోగిర్ వాన్ డెర్ వైడెన్ చిత్రించిన అంత్యతీర్పు చిత్రపటం నేటికీ ఆ భవనంలోనే ఉంది.

వూజోలోను, బోన్‌లోను మూలధనం ఒక్కటే, తోటయే. వూజో ఆదాయం సంస్థను పోషించింది. బోన్ ఆదాయం మొదటినుండీ బయటివారికి, మంచంమీదున్న పేదకు చెందవలసినదిగా ఉండిపోయింది. దాత ఉద్దేశాలలో కీర్తికాంక్ష, పాపభయం ఉండి ఉండవచ్చు. అయినా ఆసుపత్రి ప్రయోజనం మారలేదు.

ఏడవ రోజు: క్లూనీ, తేజే

బోన్ నుండి దక్షిణానికి సాగే దారికి పడమర వైపున ఓతన్ నగరం ఉంది. ఆ నగర బిషప్పు టాలిరాన్ 1789 అక్టోబరులో జాతీయ సభలో సంఘపు ఆస్తులను దేశం స్వాధీనం చేసుకోవాలని ప్రతిపాదించాడు. నవంబరు 2న అది శాసనమైంది. పాదిరుల జీతాలు, పేదల పోషణ ప్రభుత్వం వహించాలన్నది అందులోని షరతు. 1790 ఫిబ్రవరిలో మఠ ప్రమాణాలకు చట్టబద్ధత తొలగించబడింది. వూజో తోట 1791లో అమ్ముడుపోయింది. 1889 వరకు మొత్తంమీద ఒకే యజమాని క్రింద ఉండి, ఆ తరువాత ముక్కలైంది. ఇప్పుడు ఆ గోడ లోపల సుమారు 80 మంది యజమానులున్నారు. తోటను సంఘం నుండి తీసివేయాలని మొదట ప్రతిపాదించినవాడు బర్గండీ బిషప్పే కావడం ఆలోచింపదగిన విషయం.

క్లూనీ మఠం 910లో అక్విటేన్ డ్యూకు విలియం దానంతో ఆరంభమైంది. ఆ దానపత్రంలోనే ద్రాక్షతోటల ప్రస్తావన ఉంది. 1088లో ఆరంభించిన దాని మూడవ ఆలయం, రోములో నేటి పేతురు ఆలయం కట్టబడేవరకు, పాశ్చాత్య క్రైస్తవ లోకంలో అతి పెద్దది. విప్లవం తరువాత దానిని రాళ్ళ కోసం పడగొట్టారు. ఇప్పుడు అందులో కొద్ది భాగమే నిలిచి ఉంది.

అక్కడికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలో తేజే గ్రామముంది. 1940లో బ్రదర్ రోజర్ అక్కడికి వచ్చి, తరువాత వివిధ సంఘాలకు చెందిన సహోదరులతో ఒక సమాజాన్ని ఏర్పరచాడు. ఈ సహోదరులు తమ కొరకు కానుకలు, చందాలు స్వీకరించరు. స్వంత పనివలననే జీవిస్తారు. ఎవరికైనా కుటుంబ వారసత్వం వస్తే దానిని పేదలకిస్తారు. క్లూనీ, సీటోల చరిత్రను చదివినవారికి ఈ నియమం విలువ బాగా అర్థమవుతుంది. సీటోకు కూడా 1898లో సన్యాసులు తిరిగి వచ్చారు. వారు ఇప్పుడు జున్ను తయారుచేసి జీవిస్తున్నారు.

ముగింపు

ఈ ఏడు రోజుల దారిలో మనకు చెడ్డవారు ఎక్కువగా కనిపించరు. రాబర్టు, స్టీఫెన్, బెర్నార్డు మనఃపూర్వకంగా సంస్కరణ కోరినవారు. దానాలిచ్చినవారు భక్తితో ఇచ్చారు. పుచ్చుకున్నవారు నియమం చూసుకొనే పుచ్చుకున్నారు. అయినా నాలుగు శతాబ్దాలు గడిచేసరికి గుడిసెల స్థానంలో భవంతి, చేతిపని స్థానంలో కౌలు వచ్చాయి. ప్రతి దానాన్ని విడిగా పరీక్షించారు. కాని అన్నీ కలిసి తమను ఏమి చేస్తున్నాయో పరీక్షించే ఏర్పాటు బలంగా నిలువలేదు.

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. నెల్లూరులో 1840లోను, గుంటూరులో 1842లోను ఆరంభమైన మిషను పరిచర్యల కాలం నుండి తెలుగు సంఘాలకు స్థలాలు, పాఠశాలలు, ఆసుపత్రులు సంక్రమించాయి. వాటి విషయంలో వ్యాజ్యాలు, చీలికలు చూసిన కాపరులు ఈ పత్రిక పాఠకులలో తప్పక ఉంటారు. 1 రాజులు 21లోని నాబోతు ద్రాక్షతోట వృత్తాంతాన్ని మనము సాధారణంగా అహాబు దురాశ గూర్చి ప్రసంగిస్తాము. ఆశించిన తోట చేతికి వచ్చిన తరువాత, న్యాయంగా వచ్చినా సరే, దానిని ఎవరి కొరకు సాగుచేస్తున్నామని కూడా సంఘం తన్ను తాను అడుగవలసి ఉంది. బోన్‌లో రోగి మంచం ఆ ప్రశ్నకు ఒక జవాబు. తేజే సహోదరుల నియమం మరొకటి. మన సంఘాల ఆస్తి పత్రాలను బీరువాలో భద్రపరచడంతో పాటు, అవి ఎవరికి, ఏ ప్రయోజనానికి ఇవ్వబడ్డాయో ఏడాదికొకసారి సంఘ సభలో చదివి వినిపించే పద్ధతి ఆరంభిస్తే అది మంచి మొదలు కాగలదని మా అభిప్రాయం.