పూటకూటి పళ్ళెంలో పోర్చుగల్

తాళ్ళపాక అన్నమయ్య 1503లో కన్నుమూశాడు. అంతకు ఐదేళ్ళ ముందే, 1498లో, వాస్కోడగామా కాలికట్ తీరంలో దిగాడు. మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసు ఓడలెక్కి అది మన దేశానికి వచ్చింది ఆ తర్వాతే. కాబట్టి అన్నమయ్య మిరపకాయ కొరికి ఉండే అవకాశం దాదాపు లేనట్టే. తిరుపతి బస్టాండు పక్క సందులో ఏదో మెస్సులో కూర్చుని, సంగటి ముద్దకు గుంట చేసి నాటుకోడి పులుసు పోయించుకునే మనిషికి ఈ మాట చెబితే నవ్వుతాడు. కారం లేని సీమ ఎక్కడైనా ఉందా అంటాడు.

ఉండేది. చవకగా కడుపు నింపే పూటకూటిళ్ళూ అప్పట్లోనే ఉండేవి. 'క్రీడాభిరామం' అనే పాత కావ్యంలో ఓరుగల్లు పూటకూటింట ఒక్క రూకకు పెట్టే భోజనం వర్ణన ఉంది. కర్పూరభోగి బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, పంచదార, నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. మిరపకాయ మాటే లేదు. ఉండేందుకు వీలూ లేదు.

మన కొండ మీది లెక్క ఇంకా వివరంగా దొరుకుతుంది. విజయనగర కాలపు శాసనాల్లో తిరుమల నైవేద్యాల చిట్టా గోడల మీదే చెక్కి ఉంది. బియ్యం, నెయ్యి, పెసలు, బెల్లం, పెరుగు, మిరియాలు అన్నీ కొలతలతో సహా! అప్పపడి, అతిరసపడి, వడపడి, దోశపడి అని వంటకాల పేర్లు. నైవేద్యంలో నాలుగో వంతు దాతకు. ఆ వాటా చేతులు మారి యాత్రికుల దాకా చేరేది. ఘాటు కావాలంటే మిరియమే. పొట్టు మినుముల తిరుమల వడలో నేటికీ పంటికి తగిలేది అదే.

అసలు పోర్చుగీసువాళ్ళు సముద్రాలు దాటి వచ్చింది ఆ మిరియాల కోసమే. వాటిని ఓడలకెత్తుకుపోతూ, మిరపను ఇక్కడ వదిలిపోయారు. మిరియం తీగకు కేరళ వాన, కొండ నీడ కావాలి. మిరప అలా కాదు, పెరట్లో నాలుగు చెంబుల నీళ్ళకే కాస్తుంది. పేదవాడికి ఘాటు అందిందంటే ఈ మొక్క పుణ్యమే. రాజుల దౌత్యాలకన్నా నాకిదే పెద్ద చరిత్రగా కనిపిస్తుంది.

దౌత్యమూ మన గడప దాకా వచ్చింది. 1598లో మైలాపూరు పక్కన ఉన్న శాంథోమ్ నుంచి జెసూట్ ఫాదర్లు చంద్రగిరికి, రెండో వేంకటపతిరాయల కొలువుకు వచ్చారు. తిరుపతికి కూతవేటు దూరం. రాయలు వాళ్ళను ఆదరించాడు. ఆ కొలువు విందుల్లో మిరప ఉందో లేదో ఎవరూ రాసిపెట్టలేదు.

పళ్ళెంలో ప్రతిదీ పోర్చుగీసువాళ్ళ ఖాతాలో వేయడం మాత్రం తొందరపాటు. రాగి ఆఫ్రికా నుంచి వేల ఏళ్ళ కిందటే వచ్చింది. ఊరిబిండిలోకి దంచే చెనిక్కాయ దక్షిణ అమెరికాదే అయినా, ఫిలిప్పీన్స్ మీదుగా వచ్చిందనే వాదన ఉంది. మదనపల్లె మార్కెట్లో గుట్టలుగా పోసే టమోటా మన కూరల్లో కుదురుకున్నది బ్రిటిష్ కాలంలోనే. శ్రీవారి లడ్డూలో పడే జీడిపప్పు చెట్టును మాత్రం బ్రెజిల్ నుంచి తెచ్చింది వాళ్ళే.

మరి వాళ్ళ ఊళ్ళో ఏం తింటారు? లిస్బన్ పేటల్లో చవక భోజనశాలను టాష్కా అంటారు. బల్లమీద పరిచిన కాగితం, రోజుకో వంటకం, ముందుగా ఒక సూపు. ఆకుకూర, బంగాళాదుంప వేసిన కాల్దు వెర్ద్, ఆలివ్ నూనెలో తడిసిన బకల్యావ్ అనే ఉప్పుచేప. కారం దాదాపు నిల్. పిరిపిరి అనే మిరప రసం సీసా అడిగితే పక్కన పెడతారు. ప్రపంచానికి కారం పంచినవాళ్ళు తాము చప్పగానే తింటున్నారు. చిత్తూరు మెస్సు యజమాని వింటే జాలిపడతాడు.

అటు నుంచి మిరప వస్తే ఇటు నుంచి గంజి వెళ్ళింది. గార్సియా ద ఓర్తా అనే పోర్చుగీసు వైద్యుడు 1563లో గోవాలో అచ్చయిన తన గ్రంథంలో మిరియాలు, జీలకర్ర వేసి రోగికి తాగించే గంజిని ప్రస్తావించాడు. దాని వారసత్వమే టాష్కాల్లో దొరికే కాంజా. కోడి మాంసం, బియ్యం వేసి కాచిన పల్చని సూపు. ఒళ్ళు బాగోకపోతే అక్కడి తల్లులు పిల్లలకు పట్టేది ఇప్పటికీ అదే.