మన్యంలో చలికాలం: శ్రమకు వ్రాయని చరిత్ర

విశాఖ మన్యం చరిత్రను మనలో చాలామంది రెండు తేదీల నడుమ చదువుకున్నాము. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై జరిగిన దాడి మొదటిది. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును కాల్చి చంపడం రెండవది. ఈ రెంటి మధ్య దాదాపు ఇరవై ఒక్క నెలల సాయుధ పోరాటం వున్నది. ఆ పోరాటానికి పాఠ్యపుస్తకాలలో చోటున్నది, కూడళ్ళలో విగ్రహాలున్నవి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన జిల్లాకు ఆ వీరుని పేరూ వున్నది. ఇవన్నీ వుండవలసినవే. కాని ఒక తిరుగుబాటు ఎందుకు పుట్టిందో తెలియాలంటే అది సాగిన నెలలను మాత్రమే చూస్తే చాలదు. తుపాకి చప్పుడు లేని నెలలలో ఆ ప్రజలు ఏ పని చేశారో, ఆ పని ఫలం ఎవరికి చేరిందో కూడా చూడాలి. ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. ఒక చలికాలం వల్ల తెలిసింది.

1997లో అరకు లోయకు పైనున్న ఒక కొండపల్లెకు బడిపంతులుగా వెళ్ళాను. మైదానపు ఉక్కలో పెరిగినవాణ్ణి. నా వెంట పట్టుకుపోయినవి రెండు దుప్పట్లు, ఫితూరీల మీద నాలుగు పుస్తకాలు. కార్తీకం దాటేసరికి దుప్పట్లు చాలలేదు. పుష్యం వచ్చేసరికి పుస్తకాలూ చాలలేదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తునున్న ఆ లోయలో మంచు విడేసరికి తొమ్మిది దాటుతుంది. ఇంకా పడమటగా చింతపల్లి వైపునున్న లంబసింగికి కొర్రబయలు అని మరో పేరు వున్నది. ఆరుబయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఈనాడు ఆ చలిని చూడడానికే బస్సులలో జనం వస్తున్నారు. అక్కడే వుండి ఆ చలిలో పని చేసేవారి మాట వారి ఛాయాచిత్రాలలో కనిపించదు.

ఆ పల్లెలో రోజు తిరగలి చప్పుడుతో మొదలయ్యేది. ఇంకా చీకటి వుండగానే ఆడవాళ్ళు లేచి చోళ్ళు విసిరేవారు. తరువాత బిందెలతో ఊట దగ్గరకు దిగేవారు. మంచుకు తడిసిన రాతిమెట్ల మీద ఉత్త పాదాలతో నిండుబిందె మోసుకు ఎక్కడమంటే ఏమిటో, ఒక్కసారి ప్రయత్నించి సగం నీళ్ళు ఒలకబోసుకున్న తరువాత నాకు బోధపడింది. అంబలి తాగి అందరూ కొండకు పోయేవారు. పల్లపు మడులలో వరికోత, మెట్టున చోడివెన్నులు కోయడం, పసుపుపచ్చగా పూచి ముదిరిన వలిసెలు కోసి కట్టలు కట్టడం, కళ్ళంలో పశువులతో నూర్పించడం అన్నీ ఆ రెండు నెలలలోనే పడేవి. రాత్రికి మళ్ళీ మంచెల మీద కాపలా. కోయకముందు అడవిపంది తినకుండా చూడాలి. కోసిన తరువాత మంచు తినకుండా చూడాలి. నెగడు చుట్టూ కూర్చున్నవారికి ముందు ఒళ్ళు కాగుతుంది, వీపు గడ్డకడుతుంది. నిద్ర వంతులవారీగా పోవలసిందే.

ఆ రోజులలో నా బడి సగం ఖాళీ. హాజరుపట్టీలో ఒక్కొక్క పేరు ఎదుట 'గైరుహాజరు' అని వ్రాసుకుంటూ పోయాను. తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదని పైఅధికారికి నివేదిక కూడా పంపాను. ఈనాడు దానిని తలచుకుంటే సిగ్గు వేస్తుంది. ఆ పిల్లలు ఎక్కడికీ పోలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల చెల్లెలిని చంకనెత్తుకుని కళ్ళం కాస్తున్నది. పదేళ్ళవాడు పశువులను తిప్పుతున్నాడు. సంక్రాంతికి, వేసవికి సెలవులిచ్చే బడి పంచాంగం మైదానపు పంచాంగం. కొండ కోతలు దానికి తెలియవు. తప్పు హాజరుపట్టీది; నింద పిల్లల మీద పడింది.

ఒక రాత్రి నెగడు దగ్గర ఒక ముసలి తాతను ఫితూరీ గురించి అడిగాను. నేను ఆశించిన వీరగాథ అతడు చెప్పలేదు. “మా అయ్య మోసిన కావిడి సంగతి చెబుతాను, విను బాబూ” అన్నాడు. దొరలు కేంపుకు వచ్చేది వానలు వెనకబట్టాక. వారి గుడారాలు, మంచాలు, వంటసామాను ఊరినుంచి ఊరికి మోయవలసింది ఈ కొండవాళ్ళు. “వరి పండి రాలిపోతుంటే కావిడెత్తమనేవారు. తిరిగొచ్చేతలికి గింజ నేలపాలు. మళ్ళా సావుకారి కాడికే” అన్నాడు.

ఆ ఒక్క మాట నా నాలుగు పుస్తకాలకు తాళంచెవి అయింది. వలస ప్రభుత్వపు అధికారులు కొండలలో పర్యటించింది శీతాకాలంలోనే. వర్షాలలో దారులుండవు, మన్యపు జ్వరమంటే వారికి ప్రాణభయం. బాటలు వేయడానికీ వానలు వెలిసిన నెలలే అనువైనవి. ప్రభుత్వానికి కూలి కావలసిన నెలలూ, గిరిజనునికి తన పంట కోసుకోవలసిన నెలలూ ఒకటే. వెట్టిలోని దౌర్జన్యం కూలి ఎగవేయడంతోనే తీరిపోలేదు. ఏడాది తిండి చేతికందే వేళకు చేతులనే పట్టుకుపోవడంలో అది వున్నది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి ఘాట్ బాట వేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు 1922 తిరుగుబాటు కారణాలలో తప్పక వినిపిస్తుంది. బలవంతపు పని, సరిగా ఇవ్వని కూలి, గాం గంటందొర వంటి స్థానిక నాయకులతో వైరం అన్నీ చరిత్రకారులు వ్రాశారు. ఆ పని కొండవాని ఏ పనికి అడ్డుపడిందో కూడా వ్రాస్తే ఆ ఆగ్రహపు బరువు మనకు తెలుస్తుంది.

అప్పు కూడా ఈ పంచాంగాన్నే అనుసరించింది. ఆషాఢ శ్రావణాలలో ఇంట గింజ వుండదు. మామిడిటెంకల పిండి, అడవిదుంపలే తిండి. అప్పుడు తెచ్చిన గింజకు కళ్ళం దగ్గర తీర్పు జరుగుతుంది. తీరని అప్పు మనిషినే తాకట్టు పెట్టించింది; దానినే ఆ ప్రాంతంలో గోతి అన్నారు. 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో ఈ రుణదాస్యాన్ని నిషేధిస్తూ నిబంధన చేసింది. 1976లో దేశమంతటికీ వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. ఒకసారి నిషేధించినదానిని ముప్పయ్యారేళ్ళ తరువాత మళ్ళీ నిషేధించవలసి వచ్చిందంటే, మొదటి నిషేధం ఎంతవరకు కొండెక్కిందో పాఠకులే ఊహించవచ్చు. ముఠాదారీ పద్ధతి సైతం 1969 వరకు చట్టరీత్యా రద్దు కాలేదు.

స్వాతంత్ర్యం తరువాత కొండలకు కొత్త పనులు వచ్చాయి. 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్ వరకు రైలుమార్గం వేశారు. కొండలు తొలిచి 58 సొరంగాలు తీశారు. బైలదిల్లా ఇనుపరాయి విశాఖ రేవుకు, అక్కడినుంచి జపానుకు చేరడానికి ఆ మార్గం పుట్టింది. ఈనాడు అద్దాల పెట్టెలో కూర్చుని ఆ సొరంగాలు లెక్కపెట్టే యాత్రికుడు వాటిని తొలిచిన చేతులను లెక్కపెట్టడు. నేను వెళ్ళిన ఏడాదే, 1997 జూలైలో, సుప్రీంకోర్టు సమత కేసులో తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతాలలో ప్రభుత్వ భూములను ప్రైవేటు గని కంపెనీలకు లీజుకివ్వరాదన్నది. ఆ కేసు పుట్టింది బొర్రా చుట్టుపట్ల పల్లెలలోనే. తీర్పు ఢిల్లీలో వెలువడినా దాని బలం ఈ పల్లెల పట్టుదలలో వున్నది.

కాఫీ సంగతీ ఇంతే. పండ్లు ఎర్రబడేది ఈ శీతాకాలంలోనే. మంచు ఆరని ఆకులలో చేతులు పెట్టి, పచ్చికాయ తెగకుండా పండును మాత్రమే ఏరి కోయాలి. ఒకే చెట్టు దగ్గరకు మళ్ళీ మళ్ళీ రావాలి. 2017లో పారిస్ నగరంలో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది. పోడు మీద మాత్రమే బతికిన కుటుంబాలకు కాఫీ, మిరియం కొంత నగదు తెచ్చాయన్నది కాదనరాని నిజం. అయితే గుర్తింపు గింజకు వచ్చినంత సులువుగా ఆ గింజను కోసిన వేళ్ళకు రాలేదు. కోత రోజులలో గైరుహాజరైన పిల్లల పేర్లు నా పట్టీలో ఇంకా వున్నాయి.

ఇదంతా దుఃఖగాథ అనుకోరాదు. పుష్యంలో పంట ఇల్లు చేరిన రాత్రి ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు చేతులు కలుపుకుని ధింసా ఆడితే, ఆ చలిలో చెమటలు పట్టడం చూశాను. పగలంతా వంగి కోసిన నడుములే అవి. శ్రమలో కలిసి నడవడం నేర్చిన ప్రజలకు తిరుగుబాటులో కలిసి నడవడం కొత్త విద్య కాదు.

కొండబడులలో పనిచేసే ఉపాధ్యాయులకు, పరిశోధనకు వెళ్ళే విద్యార్థులకు నా మనవి ఒకటే. వీరుల తేదీలు కంఠస్థం చేయించండి, తప్పులేదు. దానితోబాటు మీ ఊరిలో ఏ నెలలో ఏ పని జరుగుతుందో, ఏ నెలలో గింజ నిండుకుంటుందో, ఆ నెలలో ఎవరి గుమ్మం తొక్కవలసి వస్తుందో ముసలివారిని అడిగి వ్రాసిపెట్టండి. మరుసటి ఏడు నేను మార్గశిరంలో బడి వేళ మార్చాను. ఉదయం కళ్ళం కాసిన పిల్లలు మధ్యాహ్నం వచ్చారు. పైనుంచి సంజాయిషీ అడిగారు. ఆ కాగితానికి జవాబుగా పల్లె పనుల పట్టిక ఒకటి తయారుచేసి పంపాను. మన్యం చరిత్రలో నేను వ్రాసిన మొదటి పుట అదే.