బిలాసపురము: నామమొక్కటి, అర్థములు పెక్కు

కట్నీకి పోవు రైలు మార్గమున, బిలాసపురమునకు చేరువనే, ఉస్లాపూరు స్టేషను కలదు. ఉత్తరములు ముమ్మరముగ నడచిన దినములలో, ఈ ప్రాంతపు తెలుగు కుటుంబములకు స్వగ్రామమునుండి జాబు వ్రాయువారు ‘విలాసము’ క్రింద ‘బిలాసపురము’ అని వ్రాసెడివారు. ఈ రెండును ఒక్క మాటయేనా యని సందేహము కలుగుట సహజము. రూపమున నొక్కటే, చరిత్రమున మాత్రము వేరు.

సంస్కృతమున ‘లస్’ ధాతువునకు ప్రకాశించుట, క్రీడించుట యని యర్థములు. ‘వి’ యను నుపసర్గము చేరగా విలాసమైనది. శ్రీనాథుని హరవిలాసమునందును, సారంగు తమ్మయ వైజయంతీ విలాసమునందును ఆ పదమునకు లీల యనియే భావము. తెలుగువారు దానినే జాబుపై వ్రాయు చిరునామాకును వాడిరి. తమిళ కన్నడములందును ఈ వాడుక కలదు. ఉత్తరదేశ భాషలలో వకారము బకారమగుట సామాన్యము. వనము బన్ అయినది. వంగము బంగాల్ అయినది. అట్లే విలాసము బిలాస్ అయినది. నిఘంటువునే నమ్మినచో ఇది వినోదముల పురమనవలెను.

కాని అర్పానదీ తీరమున చెప్పుకొను కథ వేరు. బిలాసా యను కేవట కులపు స్త్రీ పేరిట ఈ ఊరు వెలసినదని స్థానికుల ఐతిహ్యము. కేవటులు పడవలు నడపుచు చేపలు పట్టి జీవించువారు. సమీపమున కలచురి రాజుల రాజధానియగు రతనపురము రత్నదేవుడను రాజు పేరు వహించినది. ఒకటి రాజు పేర, వేరొకటి కాయకష్టము చేసిన యాడుదాని పేర! కాలక్రమమున రాజధాని చిన్నపట్టణమాయెను. బెస్తవారి పల్లె 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమాయెను.

హిమాచల ప్రదేశమునను ఒక బిలాసపురము కలదు. అది వ్యాసమహర్షి పేరిట వెలసినదని అచ్చటివారి నమ్మకము. సట్లెజ్ తీరమున నున్న ఆ ప్రాతపట్టణము భాక్రా ఆనకట్ట నీటిలో మునిగిపోగా, క్రొత్త ఊరు అదే పేరుతో వెలసినది.

కావున పేరు విన్నంతనే అర్థము నిర్ణయింపరాదు. మాట పుట్టుక నిఘంటువు చెప్పును. ఊరి పుట్టుక ఊరివారే చెప్పవలెను. 2021లో విమానములు రాకపోకలు మొదలిడిన ఇచ్చటి విమానాశ్రయమునకు బిలాసాదేవి కేవట్ పేరు కలదు. తెలుగువారు విలాసముగ వ్రాసికొన్న ఈ పేరు, ఇచ్చటివారికి ఒక తల్లి జ్ఞాపకము.